మేడమ్‌ని వాళ్ళ లెక్కలో వేయనివ్వను

మా మేడమ్ పోయారు. సెలవుకని సొంత దేశం స్కాట్లండ్ వెళ్ళి అక్కడి ఆస్పత్రిలోనే కన్నుమూశారని, ఆవిడ పాఠాలు చెప్పిన స్కూలు నుంచి కబురొచ్చింది. పొయ్యి ఆర్పి, మోకరించి ప్రార్థన చేశాను.

ఈ అరబ్బు ఊళ్ళో, సత్వా పేటలో, ఆవిడ ఇంట్లో వంట నాది. పక్కింట్లో ఉండే ఇంగ్లీషాయన, కంపెనీ మేనేజరు, దగ్గర మా చెల్లి పని. అది పిలవడం విని మేడమ్ కూడా నన్ను "అక్కా" అనేవారు, నాకంటే పెద్దవారైనా. ఎవరైనా ఆవిణ్ణి ఇంగ్లీషు మేడమ్ అంటే మాత్రం కోపం.

"నిన్ను మద్రాసీ అంటే ఊరుకుంటావా అక్కా?"

"ఊరుకోను."

"మరి? లండన్ వాళ్ళు ఈ ఇసుక వదిలి వెళ్ళారు. ఇక్కడివాళ్ళ చమురు ఇక్కడివాళ్ళదే. మా సముద్రంలో చమురు లండన్‌ది ఎలా అయింది? మన ఇంటి తాళంచెవి పక్కింటివాడి మొలలో ఉంటే అది ఇల్లా, సత్రమా?"

డెబ్భై తొమ్మిదిలో వాళ్ళ దేశంలో ఓట్లు పెట్టారు, సొంత చట్టసభ కావాలా వద్దా అని. కావాలన్నవాళ్ళే ఎక్కువ. అయినా సభ రాలేదు. జాబితాలో ఉన్న మొత్తం ఓటర్లలో నూటికి నలభై మంది కావాలనాలని లండన్‌లో ముందే మెలిక పెట్టారు. ఓటుకు రానివాళ్ళు, పేరు తీసేయని చనిపోయినవాళ్ళు, అందరూ వద్దన్నట్టే. ఆ సభ కోసమే బతికిన మేడమ్ వాళ్ళమ్మ ఓటుకు ముందు, ఆ చలికాలంలోనే పోయింది; పేరు జాబితాలో ఉండిపోయింది.

"మా అమ్మ చేత వద్దనిపించారు అక్కా," అన్నారు. ఏడవలేదు.

ఫలితం తెలిసిన సాయంత్రం మేనేజరు టీకి వచ్చి నవ్వాడు. "మీవాళ్ళకే అక్కర్లేదని తేలిందిగా. ఖలాస్."

మేడమ్ వేసవిదాకా ఆగారు. తెల్లవాళ్ళ క్లబ్బుకు ప్రెసిడెంటు కావాలని అతనికి మహా కోరిక. ఎండలకు సగం మంది ఊళ్ళకు పోయినప్పుడు ఎన్నిక వచ్చింది. లెక్కపెట్టింది మేడమ్. ఊళ్ళో లేనివాళ్ళందరినీ అతనికి వ్యతిరేకంగా వేశారు, అతను ఓడాడు. "రూలు మీదే కదా," అన్నారట. ఇంటికొచ్చి, నా కొంగు పట్టుకుని చెబుతూ, కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వారు.

మొన్న ఆ క్లబ్బులోనే సంతాప సభ. మేనేజరు మేడమ్ ఫోటో ముందు బ్రిటిష్ జెండా పరిచి, "నిఖార్సయిన బ్రిటిష్ మనిషి," అన్నాడు. పోయినవాళ్ళను తమ లెక్కలో వేసుకోవడం వాళ్ళకు అలవాటే.

టీలు అందించడానికి నన్నూ చెల్లినీ పిలిచారు, ట్రే నా చేతిలో ఉంది. చెల్లి నా మొహం చూసింది.

"వద్దక్కా. నా పని పోద్ది."

"నిన్నెవరూ అనర్లే. ట్రే పట్టింది నేను."

క్షమించే బుద్ధి ఇమ్మని రోజూ అడుగుతాను. ఆ పూట అడగలేదు. కెటిల్ మొత్తం జెండా మీద వంచాను, నిదానంగా, ఫోటో మీద చుక్క పడకుండా. "సారీ సర్, ఉతికి తెస్తాను," అన్నాను.

ఇంకా తిరిగివ్వలేదు. అతను చెల్లితో అడిగిస్తున్నాడు, మరక పోలేదని చెప్పిస్తున్నాను. రోజూ తడిపి మిద్దె మీద ఎండకు వేస్తున్నాను. ఎర్ర గీతలు ముందు వెలుస్తున్నాయి. కింద మేడమ్ వాళ్ళ దేశపు రంగులు, నీలం, తెలుపు, మిగులుతున్నాయి.