సగం సిగరెట్టు

అతను సగం తాగి చాపిన సిగరెట్టును ఆ ఉదయం నేను అందుకోలేదు. చాపిన చేయి కాసేపు అలాగే ఉండిపోయింది.

"పట్టు సారూ, వేళ్లు గాలుతున్నయ్."

"బంద్ పెట్టిన."

"ఇయ్యాల వార్త, రేపు సవరణ. నీ సంగతి నాకు ఎర్కలేదా!" అని నవ్వి, మిగిలింది తానే తాగేశాడు.

సూర్యాపేటలో నేను విలేకరిగా ఉన్న రోజుల్లో అతను పత్రికల వ్యాను నడిపేవాడు. కోదాడలో, మిర్యాలగూడలో కట్టలు దింపి తిరిగొచ్చాక బస్టాండు పక్క టీకొట్టు దగ్గర ఆగేవాడు. ఒకే సిగరెట్టు ఇద్దరం పంచుకునేవాళ్లం. ముందు అతను, తర్వాత నేను. సగమే కాబట్టి తాగినట్టు కాదని ఇద్దరికీ ఒక నమ్మకం. ఉద్యోగాలు ముగిసినా ఆ అలవాటు పోలేదు. నా భార్య పోయాక, రోజు మొత్తంలో నేను మనిషితో మాట్లాడేది ఆ కాస్త సేపే.

మెట్లెక్కితే ఆయాసం వస్తోందని, ఆ ఉదయానికి ముందురోజే మిర్యాలగూడలో డాక్టరుకు చూపించుకున్నాను. మానాల్సిందేనన్నాడు. మానాను. చేతులకు పని లేక పల్లీలు ఒలుచుకుంటూ కూర్చునేవాణ్ణి. పొగ వాసనకు మనసు లాగుతుందని టీకొట్టుకు పోవడమే ఆపేశాను. ఇప్పుడు మెట్లు ఆగకుండా ఎక్కుతున్నాను. పైకెళ్లాక ఆ మాట చెప్పుకోవడానికి ఎవరూ ఉండరు.

టీకొట్టు మానేసిన కొన్ని వారాల తర్వాత ధైర్యం చేసి మళ్లీ అక్కడికి వెళ్లాను. అతను బల్ల చివర ఒక్కడే కూర్చుని తాగుతున్నాడు. సగం దాటాక కూడా ఆపలేదు. దగ్గు తెరలు తెరలుగా వచ్చింది.

"అన్నా, సగం కాడ ఆపరాదే?"

"సగం పారేస్తరా ఎవలన్న? నీ వంతు గూడ నేనే తాగుతున్న. నువ్వు పుణ్యం మూట గట్టుకో."

టీ పోస్తున్న ఆమె అందుకుంది. "జర గట్టిగ చెప్పు సారూ. మేం చెప్తే తిట్లే."

నేను మానితే అతని వంతు పెరుగుతుందని అప్పటిదాకా నాకు తట్టలేదు. డాక్టరు దగ్గరికి కలిసి పోదామన్నాను. "సూద్దాం తీ," అన్నాడు.

ఇప్పుడతను కోదాడలో కూతురింట్లో ఉంటున్నాడు. ఫోన్ చేస్తే ఎత్తుతాడు. దగ్గుతూనే ఎండల గురించి, సాగర్ నీళ్ల గురించి మాట్లాడతాడు. ఇంతవరకు ఏ డాక్టరుకూ చూపించుకోలేదు.