గోదావరిఖనిలో గోడంత కిటికీ

గోదావరిఖనిలో మూడు పడకగదుల ఫ్లాటు కొన్న ఘనత నాది. కిరాణా కొట్ల మధ్య పెరిగినవాణ్ణి కదా, రెండు గంటలు బేరమాడి రెండు లక్షలు తగ్గించి మరీ మునిగాను. ఆఫీసర్లు అద్దెకు ఎగబడతారని పడకగదులకు గోడంత అద్దాల కిటికీలు పెట్టించాను. ఎనిమిది నెలలుగా అందులో ఎండ ఒక్కటే కాపురముంటోంది. ఈసారి తాళంచెవి ఎవరికో ఒకరికి ఇచ్చి రాకపోతే, బ్యాంకు వాయిదాల కోసం వరంగల్‌లోని కొట్టు అమ్ముకోవాల్సిందే.

ఉదయం ఏడుంబావుకు కాజీపేటలో రైలెక్కాను. టికెట్టు యాభై అయిదు. పెద్దపల్లి దాటాక ఎదురు సీట్లోని మంచిర్యాల నర్సుతో మాట కలిసింది. నా ఫ్లాటు సంగతి విని నవ్వింది.

"మా డాక్టర్లు పాతిక వేలన్న ఇస్తరు అన్నా. కాని దవాఖానకు నడిచిపోయేటంత దగ్గరుండాలె. గోదావరి దాటి ఎవరొస్తరు?"

రామగుండంలో దిగి, షేర్ ఆటోలో ఇరవై ఇచ్చి జ్యోతినగర్ చేరాను. అటు వెళ్లేవారు కరెంటు ప్లాంటు కాలనీ గేటు ఎదుటి బండి దగ్గర దోసె తినండి. ముప్పై రూపాయలు, చట్నీ అడిగినంత. పక్కన టీ తాగుతున్న కోస్తా ఇంజనీరుగారిని కదిపాను.

"లోపల క్వార్టరుందండీ. చెట్లు, బడి, నీళ్లు అన్నీ ఉన్నాయి. మీకు ఇరవై వేలెందుకివ్వాలండీ?" అంటూనే నా టీ డబ్బులు కూడా ఆయనే ఇచ్చారు. ఆ రోజు నా మొదటి రాబడి అదే.

మరో పాతిక రూపాయల ఆటోలో పదకొండింటికి గోదావరిఖని చేరాను. వాచ్‌మన్ పిలిపించిన దంపతులు అప్పటికే ఫ్లాటు ముందున్నారు. రాజమల్లు బొగ్గుబాయి కార్మికుడు, నైట్ షిఫ్టు దిగి వచ్చాడు, కళ్లు ఎర్రగా ఉన్నాయి. భార్య లక్ష్మి. కాలేజీ చదివే ఇద్దరాడపిల్లలకు రెండు గదుల క్వార్టరు చాలడం లేదట.

నేను వంటగది గొప్పలు చెబుతుండగానే రాజమల్లు పడకగదిలోకి పోయి, తలుపేసుకుని, వట్టి నేల మీద పడుకున్నాడు. పది నిమిషాలకు బయటికొచ్చాడు.

"నడి రోడ్డు మీద పన్నట్టున్నది సేటు. ఆ కిటికి మూసెయ్యాలె."

"దానికే నలభై వేలు పెట్టిన అన్నా! పరదా కట్టిస్త."

"పరదకు ఎండ ఆగుతదా? క్వార్టర్ల చెద్దర్లు కట్టి చూడలేదా మేము?" అంది లక్ష్మి. "అంత ముద్దుంటె ఆ కిటికినే కిరాయికియ్యి సేటు. మేం పోతం."

రాజమల్లు కళ్లు నలుపుకున్నాడు. "మొన్న బాయిల నిలబడే కునికిన. పక్కోడు రెక్క వట్టి గుంజిండు. లేకుంటె బొగ్గుబండి కింద వోదును."

పద్దెనిమిది వేలు చెబుదామని తెరిచిన నోరు పన్నెండంది. వాళ్లు బేరమాడలేదు. నెల అడ్వాన్సు ఇచ్చి తాళంచెవి తీసుకున్నారు.

నేను పిలిపిస్తే మేస్త్రీ వచ్చి ఒక గది కిటికీని ఇటుకలతో మూశాడు, పైన గాలికి చిన్న కంత వదిలాడు. ప్లాస్టరింగ్ ఆరకముందే రాజమల్లు అందులో చాప పరిచాడు. లోపలి నుంచి గురక మొదలయ్యాక లక్ష్మి నన్ను చెప్పులు చేత పట్టుకుని నడవమంది.

సాయంత్రం తిరుగు రైల్లో లెక్క రాసుకున్నాను. ఎక్కడ ఎవరెంత అద్దె ఇస్తారో ఊరూరా ఆరా తీసిన నేను, ఎవరెప్పుడు నిద్రపోతారో ఒక్కరినీ అడగలేదు.

రైలు, రానుపోను: 110. ఆటోలు, తిరుగుదారితో కలిపి: 75. దోసె: 30. భోజనం: 90. ఇటుకలు, సిమెంటు, మేస్త్రీ కూలి: 4,300. మొత్తం 4,605. బ్యాంకు వాయిదా పంతొమ్మిది వేలు, అద్దె పన్నెండు వేలు. నెలనెలా ఏడు వేలు కొట్టు గల్లాలోంచి పోతాయి. కొట్టు మాత్రం ఉంటుంది.

టీ ఉచితం.