బొంబాయిలో ఒక దినం ఆపమన్నామె

దయ్యాల మీద నాకు నమ్మకం లేదంటే, ఇలాంటివి రాసే ప్రతివాడూ అదే మాట అంటాడని మీరు నవ్వుతారు. నవ్వండి. ప్రొద్దుటూరులో ఇరవై ఏళ్లుగా విమానం టికెట్ల అంగడి నడుపుతున్నాను. దిష్టికి గుమ్మడికాయ కూడా కట్టని అంగడి నాది.

నాకున్న పట్టింపు ఒక్కటే. కువైట్‌లో ఉన్నవాళ్ల టికెట్ మార్చాలంటే, ఇంటివాళ్లలో ఒకరు వచ్చి నోటుపుస్తకంలో సంతకం పెట్టాలి. ఒకసారి ఒక మొగుడూపెళ్లాల గొడవలో ఇరుక్కుని పడరాని పాట్లు పడ్డాక పెట్టుకున్న నియమం అది.

ఆ రోజు ఉదయం తొమ్మిదింటికి యోహాను ఫోన్ చేశాడు. వాళ్లది జమ్మలమడుగు దగ్గర పల్లె. అతను పులివెందులలో ఆటో నడుపుతాడు. పెద్దక్క శాంతమ్మకు తిరుపతి ఆస్పత్రిలో సీరియస్‌గా ఉందనీ, కువైట్‌లో ఇంటిపనికి వెళ్లిన చిన్నక్క రూతును మర్నాటి విమానంలో నేరుగా చెన్నైకి రప్పించాలనీ అన్నాడు. రానూపోనూ టికెట్ వేశాను.

మా వైపు దూరాన ఉన్నవాళ్లకు చావుకబురు చెప్పరు. సీరియస్ అంటారు, ఇల్లు చేరాక చూపిస్తారు. యోహాను గొంతు వింటే నాకూ అనుమానం వచ్చింది. అడగలేదు. ఎవరూ అడగరు.

మధ్యాహ్నం రెండింటికి ఒకామె వచ్చింది. యాభై దాటి ఉంటాయి. నీలం నేతచీర, కొంగుతో ఎడమ చెంప కప్పుకుంది. రూతుకు అక్కనంది. వరసకు అక్కేమో అనుకున్నాను. టికెట్ ఏ రోజుదో, ఏ విమానమో నేను కంప్యూటర్ తెరవకముందే చెప్పింది.

"నేరుగా వద్దప్పా. నడమ బొంబాయిలో ఒక దినం ఆపు."

సీరియస్ అన్నారు కదమ్మా అన్నాను.

"ఇప్పుడు నొప్పి శానా తగ్గిపోయిందప్పా. తొందరేం లేదు."

ఆ మాటతో నాకే ప్రాణం కుదుటపడింది. పొద్దున చెడు ఊహించుకున్నందుకు నన్ను నేనే తిట్టుకున్నాను. దారి మార్చాను, ఆమె సంతకం చేసింది, నీళ్లిస్తే వద్దని తలూపి వెళ్లిపోయింది. యోహానుకు చేస్తే ఫోన్ ఆఫ్ వచ్చింది. రూతుకు కొత్త టికెట్ పంపి, అక్కకు నొప్పి తగ్గిందట, నింపాదిగా రమ్మన్నారు అని నా నోటితో నేనే చెప్పాను.

అయిదో రోజు యోహాను వచ్చి బల్ల మీద చెయ్యి చరిచాడు.

"ఎవుర్నడిగి మార్చినావు? కడసారి సూపు గూడా లేకుండా జేస్తివే!"

శాంతమ్మ ఆ తెల్లవారుజామునే పోయింది, అతను నాకు ఫోన్ చేయకముందే. చెంపకు వచ్చిన కాన్సర్. రూతు కోసం రెండు రోజులు ఆగారట. ఇంక ఆపితే బాగుండదని పాస్టరు అంటే సమాధి చేశారు. రూతు మర్నాడు చేరింది.

పుస్తకం తెరిచి చూపించాను. యోహాను చూశాడు. అది పెద్దక్క సంతకమేనన్నాడు. ఆ రెండు గంటల వేళ తాను ఆమె పక్కనే కూర్చుని ఉన్నాననీ, అంబులెన్స్ రాజంపేట దాటుతోందనీ చెప్పాడు. టికెట్ సంగతి ఇంట్లో ఇంకెవరికీ చెప్పలేదట.

పక్కన బంగారు అంగడికి కెమెరా ఉంది. అది వాళ్ల మెట్ల వరకే చూస్తుంది. కూర్చోబుద్ధి కాక, బండేసుకుని శాంతమ్మ ఆయాగా పనిచేసిన అంగన్‌వాడీకి పోయాను. హాజరు పుస్తకం అడిగి తెరిపించాను. అదే సంతకం. తిరిగొచ్చాక కూడా ఆ పేజీ రోజుకు పదిసార్లు తీసి చూసేవాణ్ని. ఒక ఆడమనిషికి తోడబుట్టినదాని ఆఖరి చూపు దక్కకుండా చేశానన్న బాధ అన్నం తిననివ్వలేదు.

పది రోజులకు రూతే వచ్చింది. తిట్టించుకోవడానికి సిద్ధపడ్డాను. ఆమె పుస్తకం అడిగి, ఆ పేజీ మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు కూర్చుంది.

"అక్క ఆర్నెల్ల నుంచి వీడియో కాల్ ఎత్తలేదన్నా. నా మొగం ఇట్ల సూడొద్దు పాపా, బాగున్నెప్పటిదే గుర్తుపెట్టుకో అంటాండె. వస్తా, సూస్తా అని నేనే మొండికేస్తాంటి."

పేజీ మీంచి చెయ్యి తీయకుండానే, "అక్క నమల్లేదని బొంబాయిలో మెత్తటి మిఠాయిలు ఏరి ఏరి కొంటి" అంది.

ఆమె తిరుగు టికెట్ బల్ల మీద పెట్టి మార్చమంది. నేరుగా పోయేదాన్ని ఎందుకమ్మా మార్చడం అన్నాను.

"బొంబాయి మీద ఎయ్యన్నా. ఆడ ఉన్నెంతసేపూ మా అక్క బాగుండె."

ఆ రోజు నా అంగడికి వచ్చిందెవరో ఇప్పటికీ చెప్పలేను. ఎంత ఆలోచించినా తెగలేదు. బొంబాయి మీదుగా వేసి, సంతకం కోసం పుస్తకం ఆమె వైపు తిప్పాను. రూతు వేరే పేజీ తీయలేదు. అక్క సంతకం కిందే పెట్టింది.