అక్క మొక్కలకు తమ్ముడి కాపలా

అతను లిఫ్టు మెకానిక్. లిఫ్టు రెండు అంతస్తుల మధ్య ఇరుక్కుని, లోపలివాళ్లు గగ్గోలు పెడుతున్నా చేయి వణకదని తోటివాళ్లు అతన్ని ‘నిబ్బరం’ అని పిలిచేవారు. అలాంటివాడికి అక్క ఇంట్లో పూలకుండీల ముందు కాళ్లూ చేతులూ ఆడలేదంటే వాళ్లెవరూ నమ్మి ఉండరు.

అమ్మ పోయాక అతన్ని పెంచింది అక్కే. గుండె ఆపరేషన్‌కి వెళ్తూ ఇంటి తాళాలు చేతిలో పెట్టి, “ఒరేయ్, నా మొక్కలు జాగ్రత్తరా” అంది. దేనికేం కావాలో అడిగేలోపే నర్సు వచ్చి ఆమెను లోపలికి తీసుకుపోయింది.

మొక్కలకేం కావాలి? నీళ్లు. భార్యతో సహా అక్క ఇంటికే మకాం మార్చి, పనికి వెళ్లేముందు పోశాడు, వచ్చాక పోశాడు. కొన్నాళ్లకు కిటికీ పక్కనున్న పెద్ద రబ్బరు మొక్క ఆకులు పసుపెక్కాయి. దాహమేమోనని ఇంకో చెంబు గుమ్మరించాడు. ఆకులు రాలాయి. ఎండ చాలలేదేమోనని బాల్కనీలోకి ఈడ్చాడు. మిగిలినవి కమిలాయి. ఫోన్లో వెతికితే ఒకరు నీళ్లు తగ్గించమన్నారు, ఒకరు పెంచమన్నారు, ఇంకొకరు కాఫీ పొడి చల్లమన్నారు. ముగ్గురి మాటా విన్నాడు. మట్టిలోంచి సన్నటి పురుగులు లేచి ముసిరాయి.

“మీరు వాటిని ముంచి చంపేస్తున్నారండీ” అంది భార్య.

“నీకేం తెలుసు!” అని కసిరాడు. కసిరాక, తనకు మాత్రం ఏం తెలుసని కుండీ పక్కనే చతికిలబడ్డాడు.

అక్కడ ఆసుపత్రిలో అక్క కుట్లు చీముపట్టాయి. జ్వరం దిగడం లేదు. ఐసీయూ గాజు తలుపు ఇవతలి నుంచి చూసి రావడమే. ఇంటికొస్తే ఇంకో ఆకు రాలి ఉండేది. ఎప్పుడు మొదలైందో గానీ, మొక్క పోతే అక్క కూడా పోతుందన్న భయం అతనిలో పాతుకుపోయింది. పిచ్చి ఆలోచనని తెలుసు. తెలిసీ రాలిన ఆకులన్నీ భార్య కంటపడకుండా ఏరి జేబులో కుక్కుకునేవాడు.

అక్కను వార్డులోకి మార్చాక ఫోన్లో ఆమె గొంతు వినిపించింది. పీలగా ఉంది. “మొక్కలెలా ఉన్నాయిరా?”

“నవనవలాడుతున్నాయక్కా.”

ఫోన్ పెట్టేసి నర్సరీకి పరుగెత్తాడు. అచ్చం అలాంటి రబ్బరు మొక్కనే తెచ్చాడు. పాతదాన్ని పెకలిస్తే వేళ్లు నల్లగా, మెత్తగా చేతిలోకి ఊడివచ్చాయి. గదంతా కుళ్లు కంపు. కొత్తది ఆ కుండీలో నాటి, పాతదాన్ని పారేయడానికి మనసొప్పక బకెట్లో పెట్టి స్నానాలగదిలో దాచాడు.

అక్క ఇంటికొచ్చింది. సగమైపోయింది మనిషి. కుర్చీలో కూర్చోబెడితే చుట్టూ చూసి, కిటికీ దగ్గర చూపు నిలిపింది.

“ఇదెవరు?”

అతని చేయి జేబులోని ఎండుటాకుల మీదికి పోయింది.

“నిన్నేరా. నాదేది?”

“చచ్చిపోయిందక్కా. నేనే చంపేశాను. ఇక నువ్వు కూడా...” ఆ మాట పూర్తిచేయలేక ఆమె కాళ్ల దగ్గర కూలబడి వెక్కివెక్కి ఏడ్చాడు.

అక్క అతన్ని ఏడవనిచ్చింది. తర్వాత, “ఎక్కడుందో పట్టుకురా” అంది.

బకెట్ తెచ్చాడు. ఆమె వంగలేకపోవడంతో కాండాన్ని అతన్నే గోటితో గీకమంది, లోపల పచ్చగా ఉంటే ప్రాణమున్నట్టేనని. గీకాడు. గోధుమరంగు. ఇంకా పైన గీకమంది. అక్కడా అంతే. కొనదాకా ఎక్కడా పచ్చదనం లేదు.

“ఇది అయిపోయిందిరా” అంది అక్క. అతని తల మీద చేయి వేసి, “నేను అయిపోలేదు కదా. ఏడుపు ఆపు. అబద్ధం చెప్పినందుకు మాత్రం తర్వాత తంతాను” అంది.

ఆ సాయంత్రం ఆమె చెబుతుంటే ఒక్కో కుండీలో వేలు దింపి చూశాడు. అన్నీ బురదే.

“ఇవాళ దేనికీ నీళ్లొద్దు.”

“రేపు?”

“రేపూ ఇలాగే వేలు పెట్టు. పొడిగా తగిలితేనే నీళ్లు పొయ్యి.”

మిగిలినవాటిలో సగం ఆ నెలలోనే పోయాయి. పోయిన ప్రతిదాన్నీ అక్క ముందుకు తెచ్చి చూపించాకే పారేశాడు. అక్క మాత్రం కోలుకుంది, నెమ్మదిగా. నర్సరీ నుంచి వచ్చిన ఆ రబ్బరు మొక్కతో ఆమె చాలాకాలం ముభావంగానే ఉంది.