కరువు చూపించబోతే కాలువ పారింది

రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లలో, దసరాకు మూడు వారాల ముందు, బోధన్ డివిజన్‌లోని ఒక మండలంలో ఉప తహసీల్దారుగా, పొట్టిగా డీటీగా, చేరాను. ఉప తహసీల్దారంటే మండల రెవెన్యూ అధికారికి, అంటే ఎమ్మార్వోకు, ఒక మెట్టు కింద ఉండేవాడు. సంతకం ఆయనది, చెమట మనది. చేరిన పదకొండో రోజున నాకు అప్పజెప్పిన పని ఏ సర్వీసు రూలులోనూ లేదు. ఢిల్లీ నుంచి వచ్చే పెద్దలకు కరువు చూపించాలి.

ఆ ఏడు రాష్ట్ర ఖజానా ఎట్లా ఉందో తెలుసుకోవడానికి బడ్జెట్ పుస్తకం తిరగేయనక్కర్లేదు, మా ఆఫీసు జీపును చూస్తే చాలు. అది దిగుడులో తప్ప స్టార్టయ్యేది కాదు. మండలం మొత్తానికి దిగుడంటూ ఉన్నది కాలువ గట్టు ఒక్కటే కనుక, తహసీలు జీపు రాత్రింబవళ్లు గట్టు మీదే కాపురం ఉండేది. కార్బన్ కాగితాన్ని అవతలి మనిషి మొహం కనపడేదాకా వాడేవాళ్లం. ట్రెజరీకి ఏ బిల్లు పంపినా, పుట్టింటికి అలిగి వచ్చిన ఆడపిల్లలా రెండో రోజే తిరిగొచ్చేది.

ఇట్లాంటప్పుడు రాష్ట్రాలు చేసే పని ఒకటుంది. వానలు పడలేదు, పంటలు పోయాయి, మా దగ్గర పైసల్లేవు అని కేంద్రానికి ఒక పెద్ద అర్జీ రాస్తారు. దాని పేరు మెమొరాండం. దాన్ని చదివి కేంద్రం ఒక బృందాన్ని పంపుతుంది. బృందం రెండ్రోజులు తిరిగి, చూసిందేదో రాసుకుపోతుంది. దాన్ని బట్టి సాయం. అడిగినంత ఇవ్వరని రాష్ట్రానికి తెలుసు. అడిగినంత నష్టం జరగలేదని కేంద్రానికి తెలుసు. ఈ రెండు తెలివిడుల మధ్య నడిచే పర్యటన అచ్చం పెళ్లిచూపులే. కాకపోతే పెళ్లిచూపుల్లో పిల్ల మొహానికి పౌడరు రాస్తాం, ఇక్కడ ఉన్న పౌడరు కూడా తుడిచేయాలి.

మా మండలానికి పౌడరు ఎక్కువ, అదే మా కర్మ. కాగితం మీద మాది కాలువ కింది మండలం. రుద్రూర్ వైపు నుంచి వస్తుంటే రోడ్డుకు రెండు పక్కలా చెరకు. ఆ చెరకులో ఒక ఏనుగును వదిలితే మళ్లీ క్రషింగ్ సీజన్‌లోగానీ దొరకదు. అయితే కాలువకు తల ఉన్నట్టే తోక కూడా ఉంటుంది. తోక దగ్గరున్న ఊరికి రెండేళ్లుగా నీటి చుక్క రాలేదు. ఊరి పేరు చెప్పను. అక్కడికి ఇప్పుడు పోయినా నాకు ఛాయ్ పోస్తారు, దాన్ని పోగొట్టుకునే ఉద్దేశం లేదు. అక్కడి చెరకును చెరకు అనడానికి రెవెన్యూ రికార్డుల్లో తప్ప ఆధారం లేదు. అగరుబత్తి మందాన ఉండేది. పంట అంచనా కోసం కొలిచి కోసిన చెరకంతా బీడీకట్టకు చుట్టే దారంతో చుడితే ఇంకా దారం మిగిలింది. తూకం వేస్తే కాంటా కదల్లేదు. చెడిపోయిందనుకుని ఇంకోటి తెప్పించాం. అదీ చెడిపోయింది.

ఢిల్లీవాళ్లు ఆ ఊరు చూసి ఒప్పుకుంటే మండలం కరువు జాబితాలోకి ఎక్కుతుంది. ఎక్కితే ఊళ్లో పశువుల గడ్డి డిపో తెరుస్తారు. చూడకపోతే కాలువ కింది మండలానికి కరువేమిటని కొట్టేస్తారు.

ఆ గడ్డి కోసం అందరికంటే ఎక్కువ ఎదురుచూస్తున్న మనిషి లింగవ్వ. అరవై ఏళ్లుంటాయి. భర్త లేడు. రెండెకరాల ఎండిన చెరకు, రెండు బర్రెలు. ఇరవై ఏళ్లుగా పొద్దున్నే మొదటి బస్సులో బోధన్ పోయి ఛాయ్ హోటళ్లకు పాలు పోసి వచ్చేది. ఎండిన చెరకాకు తినీ తినీ బర్రెలు సగమయ్యాయి, పాలు పావయ్యాయి. వచ్చే అంగడిలో రెండింటినీ వచ్చినకాడికి అమ్మేస్తానని ఊరందరికీ చెప్పేసింది. అంగడి శుక్రవారం. బృందం వచ్చేది బుధవారం.

ఢిల్లీవాళ్లతో మాట్లాడటానికి లింగవ్వనే ఎంచాం. మా ఎమ్మార్వో గారు గోదావరి మనిషి, బదిలీ మీద వచ్చి ఆరు నెలలయింది. వ్యూహాల్లో దిట్ట. నన్ను గదిలోకి పిలిచి తలుపు వేశారు.

"చూడవయ్యా డీటీ, రైతు మాట్లాడేది తెలుగు. వాళ్లకి వచ్చింది హిందీ. మధ్యలో ఉండేది నువ్వు. రైతు ఏం చెప్పినా నువ్వు మాత్రం మెమొరాండమే చెప్పు. మా వైపు తుఫానప్పుడు ఇలాగే గట్టెక్కాను."

ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. నేను పుట్టి పెరిగింది నిజామాబాద్ గల్లీల్లో. బోధన్ చుట్టుపక్కల ఉర్దూ రానివాడు పుట్టాలంటే ముందుగా దరఖాస్తు పెట్టుకోవాలి. ఇక్కడ రైతుకూ ఢిల్లీ ఆఫీసరుకూ మధ్య దుబాసీ అవసరం, చేపకూ నీటికీ మధ్య గొడుగు అవసరమంత. అయినా నోరు విప్పలేదు. పై అధికారికి తెలియని సంగతి కింది ఉద్యోగికి తెలిసి ఉండకూడదన్నది మా శాఖలో రాయని నియమం. పైగా దుబాసీ హోదాలో నా పేరు కలెక్టరు ఆఫీసు నుంచి వచ్చిన కాగితంలో ఉంది. పేరు అచ్చులో పడటం అదే మొదలు.

మంగళవారం రిహార్సలు పెట్టాం. ఊరి సుంకరి సాయిలు కుర్చీ వేసి కూర్చుని ఢిల్లీ ఆఫీసరు పాత్ర వేశాడు. సుంకరంటే రెవెన్యూ శాఖకు ఊళ్లో చేతులూ కాళ్లూ అతనే.

"పంట ఎట్లుందని అడుగుతరు, లింగవ్వా" అన్నాను.

"ఎండిందని చెప్త."

"జర ఏడ్చుకుంట చెప్పాలె."

"గదెందుకు సారు? ఎండింది ఎండిందే గద. ఏడిస్తె మల్ల మొలుస్తదా?"

"పాత చీర కట్టుకుని రా."

"గిది కొత్తదనుకుంటున్నవా? గింతకన్న పాతది మా అత్త కట్టింది. గామెతోనే కాలబెట్టినం."

సాయిలు కుర్చీలోంచి పడ్డాడు. నేను రిహార్సలు తృప్తికరంగా జరిగిందని రాసుకున్నాను.

ఇక దారి సంగతి. పచ్చటి చెరకు కంటబడకుండా ఉండాలని రోడ్డు వదిలి బండ్లబాట మీదుగా రూట్ చార్టు గీశాను. రూట్ చార్టంటే బృందం ఎక్కడ ఎన్ని నిమిషాలు ఆగాలో చెప్పే పట్టిక. మా వంతు పన్నెండు నిమిషాలు. ఆ బాటలో గుంతలు ఎంత లోతంటే, ఒక దాంట్లో దిగిన జీపు హారను వినపడుతుంది తప్ప జీపు కనపడదు. 'మూడో మజిలీ: నీరు లేని కాలువ' అని ఎర్రసిరాతో రాసి మురిసిపోయాను.

బుధవారం పొద్దున తొమ్మిదింటికి ఊరికి చేరేసరికి సాయిలు ఎదురొచ్చాడు. మనిషి మోకాళ్ల దాకా తడిసి ఉన్నాడు.

"సారు, నీళ్లొచ్చినయి" అన్నాడు.

"మంచినీళ్లా?"

"కాదు సారు. కాలువల."

పరుగెత్తాను. నా ఎండిన కాలువ, నేను ఎర్రసిరాతో రాసుకున్న కాలువ, అంచుల దాకా పారుతోంది. ఊరు ఊరంతా గట్టు మీదే ఉంది. లింగవ్వ చీర దోపుకుని, గడ్డపారతో తన చేనుకు గండి కొడుతోంది. రెండు బర్రెలూ కాలువలో దిగి కళ్లు మూసుకుని కదలకుండా పడి ఉన్నాయి. గట్టు మీద నీటిపారుదల శాఖ ఏఈ, అంటే సహాయక ఇంజనీరు, పెళ్లికొడుకు తండ్రిలా నిలబడ్డాడు.

"అన్నా, ఎట్లుంది?" అన్నాడు నన్ను చూసి. "ఢిల్లోల్లు కాలువ కొస దాక పోతున్నరట. నీళ్లు రాకుంటె మన డిపార్ట్‌మెంట్ మీద పడ్తదని మా పెద్దసారు ఫోన్ చేసిండు. మూడు దినాలు పైన తూములన్ని బంద్ పెట్టించి కొస దాక తెచ్చిన. రెండేండ్ల సంది కానిది చేసి సూపించిన."

వాళ్ల శాఖకు నీళ్లు చివరిదాకా వచ్చాయని చూపించాలి. మా శాఖకు రాలేదని చూపించాలి. ఇద్దరి మీదా ఉన్న ప్రభుత్వం ఒకటే. ఈ సంగతి మా ఇద్దరికీ ఎవరూ చెప్పలేదు.

"బంద్ పెట్టు తమ్మీ, రెండు గంటలల్ల వస్తున్నరు."

"తూము మూస్తె మాత్రం కాలువల ఉన్నయి యాడికి పోతయన్నా? సాయంత్రం దాక పారుతది."

ఆ నీళ్లన్నీ తాగేద్దామా అని కూడా ఒక నిమిషం ఆలోచించాను. ఊరంతా కలిసినా పదకొండు లోపు అయ్యేట్టు కనిపించలేదు.

పదింటికి ఎమ్మార్వో గారు వచ్చారు. కాలువను చూసి ఆయన మొహం మొదట పసుపు, తర్వాత ఎరుపు, ఆఖర్న బెల్లం రంగుకు తిరిగింది. కనీసం లింగవ్వ గండి అయినా పూడ్చమని సాయిలును పంపారు. ఆమె వెళ్లి గండిలో అడ్డంగా కూర్చుంది.

"రెండేండ్ల సంది సూస్తున్న గీ నీళ్ల కోసం. పూడుస్తె నన్నేసి పూడువుండ్రి."

సాయిలు తట్ట కింద పెట్టి బీడీ ముట్టించుకున్నాడు. ఎమ్మార్వో గారు నా చెవిలో అన్నారు: "అంతా నీ హిందీ మీదే ఉంది."

పదకొండుకు రావలసిన కార్లు పదకొండూ ఇరవైకి వచ్చాయి. ముందు కారులోంచి దిగినాయన జాయింట్ సెక్రటరీ హోదా మనిషి. బాగా పొడవు. గుంతల బాటలో ఆ తల కారు పైకప్పుకు ఎన్నిసార్లు తగిలిందో టోపీ చెప్తోంది, రెండు వైపులా సొట్టలు పడి ఉంది. ఆయన నా చార్టు చూశారు. కాలువ చూశారు. మళ్లీ చార్టు చూశారు. నీరు లేని కాలువ ఇదేనా అని హిందీలో చాలా మర్యాదగా అడిగారు.

ఎమ్మార్వో గారు లింగవ్వను ముందుకు తోసి నా వైపు కన్నుగీటారు. నేను గొంతు సవరించుకున్నాను. ఆ సవరింపు దగ్గరే నా దుబాసీ ఉద్యోగం ముగిసింది.

"సలామ్ సాబ్" అంది లింగవ్వ. "ఆప్ ఆయే బోల్కే పానీ ఆయా. ఆప్ గయే తో యే భీ జాతా. పైసే నక్కో సాబ్. పంద్రా దిన్ కూ ఏక్ బార్ ఆతే రహో, బస్."

మీరొచ్చారని వచ్చిన నీళ్లు, మీరు పోతే పోతాయి, మాకు పైసలొద్దు, పదిహేను రోజులకోసారి మీరే వస్తూ ఉండండి చాలని. ఎమ్మార్వో గారికి ఒక్క ముక్క అర్థం కాలేదు. "ఏవందయ్యా?" అని నన్నే అడిగారు. ఆ రోజు నేను దుబాసీగా చేసిన పని ఏదైనా ఉందంటే, లింగవ్వ హిందీని మా ఆఫీసరుకు తెలుగులో చెప్పడమే.

జాయింట్ సెక్రటరీ నవ్వలేదు. నిన్న ఈ నీళ్లు ఎక్కడున్నాయని అడిగారు. లింగవ్వ కాలువ వైపు చెయ్యి చూపించింది. రెండేళ్లుగా నీళ్లు రాని కాలువను ఊరివాళ్లు పెరడులా వాడుకుంటున్నారు. ఇప్పుడు ఆ పెరడంతా పారుతూ వస్తోంది. ముందుగా పిడకలు, ఒకటీ రెండూ కాదు, ఒక పటాలం. వాటి వెనక ఒక చెప్పు. దాని వెనక ఎవరిదో నులకమంచం, మంచం మీద ఒక కోడి. కోడి మాత్రం నిజంగా ఉంది, మిగతావాటి లెక్కలో కొంచెం అటూ ఇటూ కావచ్చు.

నీళ్లు పారే కాలువలో ఎవరైనా మంచం వేసుకుంటారా అని ఆయన ఏఈని అడిగారు. ఏఈ కోడిని చూస్తూ ఉండిపోయాడు. తర్వాత ఆయన గట్టు మీద లింగవ్వ పక్కన గొంతుకూర్చుని పాలెన్ని, గడ్డి ఎక్కడిది, బోధన్‌లో పాల ధరెంత అని అడిగి రాసుకున్నారు. శుక్రవారం అంగడి సంగతి కూడా ఆమే చెప్పింది. అమ్మకం ఒక వారం ఆపగలవా అని ఆయన అడిగితే, "మీరు గడ్డి పంపుతనంటె ఆపుత" అని నిబంధన పెట్టింది. కేంద్రంతో బేరమాడిన మొదటి మనిషి మా మండలంలో ఆమే. పన్నెండు నిమిషాల మజిలీ నలభై నిమిషాలు నడిచింది. ఆ ఆలస్యానికి తర్వాతి మండలం వాళ్లు నన్ను ఇప్పటికీ క్షమించలేదు.

కాలువ రాత్రికి తగ్గింది. మూడో రోజుకు మళ్లీ పిడకలు వేసుకునేట్టయింది.

లింగవ్వ ఆ శుక్రవారం అంగడికి పోలేదు. రెండో శుక్రవారానికి పలుపులు విప్పి చేత పట్టుకునేదే. ఆ ముందురోజే జాబితా వచ్చింది, అందులో మా మండలం ఉంది. రాష్ట్రం ఏనుగును అడిగింది, కేంద్రం తోక ఇచ్చింది. తోకలో మా వాటా ఒక వెంట్రుక. ఆ వెంట్రుకతోనే బడి ఆవరణలో గడ్డి డిపో తెరిచాం. గడ్డి ఎక్కడి నుంచి వచ్చిందంటే, ఢిల్లీవాళ్ల కంట పడకుండా నేను బండ్లబాట పట్టించానే, ఆ కాలువ తల దగ్గరి పచ్చటి పొలాల నుంచే. బర్రెలు లింగవ్వ కొట్టంలోనే ఉండిపోయాయి.

అనుమతి లేకుండా నీళ్లు వదిలినందుకు ఏఈకి వాళ్ల శాఖ మెమో ఇచ్చింది. నీళ్లున్న కాలువను నీరు లేనిదని రాసినందుకు నాకు మా శాఖ మెమో ఇచ్చింది. ఇద్దరం బోధన్ బస్టాండు ముందు లింగవ్వ పాలతో కాచిన ఛాయ్ తాగుతూ ఒకరి జవాబు ఒకరు రాసుకున్నాం.

ఆ తర్వాత నా ఉద్యోగంలో మరో నాలుగు బృందాలు వచ్చాయి. యాభై దాటాక స్వచ్ఛందంగా తప్పుకుని ఇంటికొచ్చేదాకా, నేను గీసిన ప్రతి రూట్ చార్టులో మొదటి రెండు వరుసలు మారలేదు. ఒకటి: నీటిపారుదల శాఖకు ముందుగా చెప్పవలెను. రెండు: దుబాసీ అక్కరలేదు.