మెట్లు లేని గది

ఆమె ఆస్పత్రి ల్యాబులో రక్తం తీస్తుంది. ఇరవై రెండేళ్లుగా అదే పని. సూది గుచ్చిన సంగతే తెలియనివ్వదని పేరు. పెళ్లి చేసుకోలేదు, అమ్మతో ఉంటుంది.

తమ్ముడు, చెల్లెలు పిల్లాపాపలతో కలిసి రెండు రోజులు అడవి పార్కులో గడుపుదామన్నప్పుడు, బస చూసే పని ఎప్పటిలాగే ఆమె నెత్తిన పడింది. గేటు దగ్గర పెద్ద లాడ్జి ఉంది. లోపల చెరువు ఒడ్డున చెక్క కాటేజీలున్నాయి. విడివిడిగా, వరండాలోంచి నీళ్లు కనబడుతూ కాటేజీలే అందంగా ఉన్నాయి. ఆమె మనసూ అటే లాగింది. కానీ ఒక్కోదానికి ఎనిమిదేసి మెట్లు. అమ్మ మోకాళ్లు రెండూ అరిగిపోయాయి. మూడుసార్లు ఫోన్ చేసి, స్నానాలగదిలో పట్టుకోవడానికి కడ్డీ ఉందో లేదో కూడా కనుక్కుని, లాడ్జిలో కింది అంతస్తులో పక్కపక్కనే మూడు గదులు తీసుకుంది.

"నువ్వు చూశాక ఇంక తిరుగేముంది అక్కా!" అన్నాడు తమ్ముడు.

తీరా వెళ్లాక కౌంటర్లో ఒక్క తాళమే ఇచ్చారు.

"మిగతా రెండు గదులూ పోయిన వారమే కాటేజీలకి మార్చుకున్నారండీ," అన్నాడు గుమస్తా.

ఆమె తమ్ముడివైపు చూసింది. అతను సామాను లెక్క చూసుకోవడంలో మునిగిపోయాడు. చెల్లెలే అంది: "పిల్లలు చెరువు చెరువని ప్రాణం తీశారక్కా. అమ్మ దగ్గర ఎలాగూ నువ్వున్నావుగా. పొద్దున్నే వచ్చేస్తాంలే."

"ఒక్క మాట చెప్పొచ్చుగా? అమ్మ ఏమనుకుంటుంది?"

చెల్లెలు అమ్మవైపు చూసింది. సోఫాలోంచి అమ్మే అంది: "నేనే మార్చుకోమన్నానే. సంసారాలున్నవాళ్లు, సరదాలుంటాయి. నీకేముంది, అలవాటేగా."

తమ్ముడి మీదా చెల్లెలి మీదా కోపమే వచ్చింది. అమ్మ మాటకు మాత్రం కాళ్ల కింద నేల కదిలినట్టయింది. ఈ వారం రోజులూ ఇంట్లో ఒకే గదిలో పడుకుంటూ, లాడ్జి గురించి తను మురిసిపోయి చెబుతుంటే ఊఁ కొట్టింది ఈ అమ్మేనా?

ఆమె గుమస్తావైపు తిరిగింది. "ఒక్కరికి సరిపడే కాటేజీ ఏదైనా ఉందా?"

కొండవైపు, చెరువు కనబడనిది ఒకటి మిగిలింది. తీసుకుంది. సంచిలోంచి మందుల డబ్బా తీసి, ఏ మాత్ర ఎప్పుడో కాగితం మీద రాసి, తమ్ముడి చేతిలో పెట్టింది.

"ఈ రెండు రోజులూ అమ్మ గదిలో నువ్వుండు."

"అదేంటక్కా, నాకేం తెలుసు ఇవన్నీ?"

"రాశానుగా. చదువుకో."

వెనకనుంచి అమ్మ పిలిచింది. ఆమె ఆగలేదు.

ఆ కాటేజీలో ఆమె సుఖపడిందేమీ లేదు. చెట్ల మీదుగా పిల్లల కేరింతలు వినబడుతూనే ఉన్నాయి. అమ్మను స్నానానికి ఎవరు పట్టుకెళ్లారోనని రెండుసార్లు మెట్లు దిగింది, రెండుసార్లూ మళ్లీ ఎక్కింది. చూసి పోదామని ఒక్కరూ రాలేదు.

ఇంటికొచ్చి ఆరు నెలలైంది. అమ్మకు వేళకు అన్నీ అమరుస్తూనే ఉంది. డ్యూటీ నుంచి రాగానే మంచం పక్కన కూర్చుని చెప్పే కబుర్లు మాత్రం మానేసింది. "ఏమే, ఏంటి సంగతులు?" అని అమ్మే అడుగుతుంది.

"ఏముంటాయి," అంటుంది ఆమె.