చిన్నమ్మ పాట నిలిచే చోటు

మొన్న కోవిల్‌పట్టిలో ఒక పెళ్లి మండపంలో రెండో బంతి కోసం కాచుకుని కూర్చున్నప్పుడు, వేదిక మీద ఎవరో పాడుతుంటే, మా మనవరాలు తన ఫోను అటువైపు ఎత్తిపట్టి, కాసేపు చూసి, ఈ పాట జి మేజరంట అవ్వా అని చెప్పి మళ్లీ ఫోనును సంచిలో పడేసుకుంది. పాట నడుస్తున్నంతసేపూ ఆ తెర మీద ఒక్కో కార్డు పేరూ, అంటే పాట వెనక కలిపి మోగించే స్వరాల గుత్తి పేరు, చిన్న చిన్న గళ్లలో వచ్చిపోవడం నేనూ చూశాను. పిల్ల అదేమీ గొప్ప పనిగా చెప్పలేదు, బయట ఎండ ఎంతుందో చూసి చెప్పినట్టే చెప్పింది. పాటకు శ్రుతి ఏదో తేల్చుకోవడమంటే ఇన్నేళ్ల తర్వాత కూడా నాకు మాత్రం ముందు గుర్తొచ్చేది సంగీతం కాదు, భయం. ఆ భయమంతా ఒక్క సాయంత్రానిది.

మన ఈడువాళ్లకు మెల్లిసై పార్టీలు గుర్తుండే ఉంటాయి. తిరునాళ్లొచ్చినా పెళ్లొచ్చినా, రెండు ట్యూబులైట్లు కట్టిన పందిట్లో, ఒక ఆర్గను, ఒక గిటారు, తబలా, డ్రమ్ములు పెట్టుకుని, సినిమా పాటలను ఉన్నవి ఉన్నట్టు దించే బృందాలవి. కోవిల్‌పట్టిలో అలాంటి పార్టీ ఒకదాన్ని మా మామ, అంటే అమ్మకు అన్న, నడిపేవాడు. ఆయన భజనల్లో పెరిగినవాడు, ఆర్గను వాయించేవాడు, ఎవరైనా తప్పు చూపిస్తే చెవులు ఎర్రబడేవి. మా కుటుంబాల్లో మేనమామ అంటే రేపటి మామగారు కూడా కావచ్చు కాబట్టి ఆయన మాటకు ఎదురు చెప్పాలంటే నాకు నోరు లేచేది కాదు. (మామగారు అయ్యాడు కూడా, అది వేరే సంగతి.)

ఆడపిల్లకు గిటారేమిటని మీరు అనుకోవచ్చు, అప్పట్లో ఊళ్లో అందరూ అదే అన్నారు. నేను చదివిన కాన్వెంటులో ఒక సిస్టరు ప్రార్థన పాటలకని నాకు గిటారు నేర్పింది. నేర్పి వదిలేయకుండా, కార్డులకు కుటుంబాలుంటాయనీ, ఏ కుటుంబంలో ఏవేవి ఉంటాయో తెలిస్తే పాట ఇల్లెక్కడో పట్టుకోవచ్చనీ నా తలకెక్కేదాకా చెప్పింది. మామకు అదంతా అనవసరపు గోల. మా పార్టీలో శ్రుతిని కట్టైలతోనే చెప్పుకునేవాళ్లు, ఆర్గను మీద ఒక్కో తెల్లమెట్టూ ఒక కట్టై, మధ్యలో నల్లమెట్టు అర; మూడుకూ నాలుగుకూ మధ్య మాత్రం నల్లమెట్టు లేదు కాబట్టి ఆ దూరం అరే. ఆయన పద్ధతిలో పాట ఏ కార్డుతో మొదలైతే అదే శ్రుతి. భజనలో హార్మోనియం ఎక్కడ ఊపిరి పోసుకుంటే పాట అక్కడే మొదలవుతుంది కాబట్టి ఆయనకు అలా అలవాటైంది. వందకు తొంభై పాటల్లో అది నిజమే కావడంతో ఆయనకు ఆ పద్ధతి మీద అనుమానమే రాలేదు.

మా పార్టీకి గొంతు మా చిన్నమ్మ, మామకు చెల్లెలు. చిన్నాన్నకు ఆలంగుళం సిమెంటు ఫ్యాక్టరీలో పని, కాపురమంతా అక్కడే, కచేరీ ఉన్న రోజున బస్సెక్కి వచ్చి పాడి వెళ్లేది. ఒక ఏడాది గొంతులో గడ్డ లేచి ఆపరేషను చేశారు. మాట తొందరగానే వచ్చింది కానీ పాట రాలేదు. వచ్చాక కూడా పైస్థాయి మునుపటిలా లేదు, ఒక మెట్టు దాటితే గొంతు బొంగురుపోయి గాలి మాత్రమే వచ్చేది. ఆ ఏడు విరుదునగర్‌లో అమ్మవారి పొంగలి పండుగకు మళ్లీ మొదటిసారి పాడటానికి ఒప్పుకుంది. మా అమ్మతో మాత్రం ఒక మాట అన్నదట, ఈసారి జనం ముందు గొంతు చీలితే ఇక మైకు ముఖం చూడనని. చిన్నమ్మ ఊరికే అనే మనిషి కాదు. పాట పోతే ఆమె చెయ్యి పోయినట్టేనని మాకందరికీ తెలుసు.

పండుగ పెద్దలు ముందురోజు కబురు పెట్టారు, అప్పుడే వచ్చిన ఒక సినిమా పాట తప్పకుండా ఉండాలని. మామ ఎవరో రేడియోలోంచి ఎక్కించిన క్యాసెట్టు సంపాదించాడు, అందులో పాట ముగియకముందే తెగిపోయి వార్తలు మొదలవుతాయి. పాట దిగులు కార్డుతో, మేము మైనరు అనేదానితో మొదలైంది, ఆర్గను మీద ఆరు కట్టై తేలింది. చెల్లెలి గొంతుకు రెండు కట్టైలు దించాలని మామ లెక్క కట్టి, ఫ్యాక్టరీ ఆఫీసుకు ఫోను చేసి, ఆ పాట నాలుగు కట్టై అని చిన్నాన్నతో చెప్పి పెట్టేశాడు. చిన్నమ్మ ఆలంగుళంలో, మేము కోవిల్‌పట్టిలో, కలిసి సాధన చేసే వీలే లేదు. ఆమె బస్సులో తిన్నగా విరుదునగర్‌కు వచ్చి పార్టీని కలుసుకోవాలి.

మధ్యాహ్నం వ్యానులో బయలుదేరాం. అటూ ఇటూ నల్లరేగడి చేలు, పత్తి తీసేసిన మోళ్లు, కిటికీలోంచి మంటలాంటి గాలి. డ్రమ్ములవాళ్లు సామాను మీదే వాలి నిద్రపోయారు. నాకు ఆ పాట ఇంకా చేతికి ఎక్కలేదని టేపురికార్డరు ఒళ్లో పెట్టుకుని మళ్లీ మళ్లీ వేసుకుంటున్నాను. బ్యాటరీలు నీరసించి పాట కిందికి జారుతోంది, గిటారు తీగలు వదులు చేసుకుని దానితో పాటే నేనూ జారుతున్నాను. ఇక ఆరు కట్టై, నాలుగు కట్టై అన్న లెక్కకు అర్థం లేకుండాపోయింది, ఏ కార్డు తర్వాత ఏది వస్తోందన్నదే మిగిలింది. అది వినగా వినగా మామ లెక్క మీద నాకు అనుమానం పుట్టింది.

సిస్టరు చెప్పిన సంగతి ఒకటే. పాటలో రెండు మేజరు కార్డులు, అంటే దిగులు లేనివి, పక్కపక్క మెట్ల మీద, మధ్యలో ఒక్క నల్లమెట్టు దూరంలో కనబడితే, అవి రెండూ చేయి పట్టుకుని తీసుకెళ్లేది మూడో మేజరు కార్డు దగ్గరికే, అదే ఆ ఇంటి పెద్ద. దిగులు కార్డే ఇల్లయిన పాటకు దాన్ని ఇంటికి పిలిచే వేరే మేజరు కార్డు ఒకటుంటుంది, మామూలుగా అది ఒక్కసారైనా వినబడుతుంది. ఈ పాటలో ఆ పక్కపక్క మెట్లు రెండూ ఉన్నాయి, పల్లవి చివరా చరణం మధ్యా అవి మూడోదాని దగ్గరే వాలుతున్నాయి. దిగులు కార్డును పిలిచే కార్డు ఎంత వెతికినా లేదు. అంటే పాట మొదలైన గుమ్మం ఒకటి, దాని ఇల్లు ఇంకొకటి, రెండింటి మధ్యా ఒకటిన్నర కట్టై దూరం.

చిన్నమ్మ శ్రుతిపెట్టెతో పెరిగిన మనిషి. పాట ఎక్కడ ఆగి ఊపిరి పీల్చుకుంటే అదే ఆమెకు సా. రేడియోలో పాట మొత్తం విని ఉంటుంది, నాలుగు కట్టై అని కబురందితే శ్రుతిపెట్టెను నాలుగులో పెట్టుకుని ఆ ఇంటి నుంచే సాధన చేసి ఉంటుంది. ఇక్కడ మామ నాలుగులో దిగులు కార్డు పట్టుకుంటే పాట ఇల్లు ఐదున్నరకు పోతుంది. ఆమె సాధన చేసినదానికంటే ఒకటిన్నర పైన పాట నడుస్తుంది, చరణం ఎక్కేచోట ఆమె గొంతు అందుకోలేదు, అందరి ముందూ చీలుతుంది. ఇల్లు నాలుగులో నిలవాలంటే మామ దిగులు కార్డును రెండు కట్టైలో మొదలుపెట్టాలి.

అయితే నాకు పూర్తి నమ్మకమూ లేదు, నన్ను తినేసింది అదే. క్యాసెట్టు తెగిపోయిన చోటు తర్వాత ఆ పిలిచే కార్డు ఉందేమో, పాట చివరికి దిగులులోనే ముగుస్తుందేమో నాకెలా తెలుసు? మామను ఒప్పించి దింపించాక నా లెక్క తప్పితే, చిన్నమ్మ సాధన చేసినదానికంటే పాట పాతాళానికి పోతుంది, పల్లవి గొంతులోనే ఉండిపోతుంది. చెప్పినా ప్రమాదమే, చెప్పకపోయినా ప్రమాదమే. సాత్తూరు దాటాక టీకి ఆపితే నేను వ్యాను దిగకుండా ఆ క్యాసెట్టే మళ్లీ వేసుకున్నాను.

విరుదునగర్ చేరి సామాను దించుతుండగా ధైర్యం కూడగట్టుకుని మామతో చెప్పాను. ఆయన ఒక చేత్తో మైకు వైరు చుడుతూ, మరో పక్క పండుగ పెద్దలకు తమిళంలో జవాబులు చెబుతూ, నా మాట సగమే విన్నాడు. "పాట యాడ మొదలైతే ఆడేదా సురుతి. గమ్మున కూసో పాపా," అన్నాడు, మాట ఒత్తి చెప్పడానికి మా ఇళ్లలో తగిలించే తమిళపు "దా"తో. చెవులు ఎర్రబడ్డాయి. అప్పుడు నాకు ఒళ్లు మండింది కానీ, తర్వాత ఆలోచిస్తే అది కోపం కాదు. చెల్లెలి గొంతు గురించి ఆయన నాకంటే ఎక్కువే బెదిరి ఉన్నాడు, లెక్క ముగిసిపోయిందని నమ్మితేగాని ఆయన చేతులు ఆడవు.

చీకటి పడింది, చిన్నమ్మ బస్సు రాలేదు. మొదటి పాట మామే పాడేశాడు, రెండోది తబలా ఆయన పాడాడు. నేను కార్డులు పట్టుకుంటున్నానే గాని కళ్లు పందిరి పక్కనున్న సందు మీదే ఉన్నాయి. జనం వేరుశెనగలు నములుతూ ఆ కొత్త పాట ఎప్పుడని కేకలు వేస్తున్నారు. రెండో పాట ముగుస్తుండగా చిన్నమ్మ వచ్చింది, ముఖమంతా దుమ్ము, చేతిలో గుడ్డ చుట్టిన శ్రుతిపెట్టె. మామ పెద్దలతో మాట్లాడుతున్న ఆ కాస్త వ్యవధిలో నేను గిటారుతో సహా తెర వెనక్కి పరుగెత్తాను.

అంతా చెప్పే సమయం లేదు. మామ పట్టబోయే నాలుగు కట్టై దిగులు కార్డును మెల్లగా మీటి, చరణం ఎత్తుకో చిన్నమ్మా అన్నాను. ఆమె కూనిరాగంగా ఎత్తుకుంది, పైకి ఎక్కేచోట గొంతు ఆగిపోయింది, చెయ్యి గొంతు మీదికి పోయింది. ఆ ముఖం నేనిప్పటికీ మరిచిపోలేను. తర్వాత నా లెక్క ప్రకారం రెండు కట్టైలో దిగులు కార్డు పట్టి, పక్కపక్క మెట్ల మీదుగా నాలుగు కట్టై మేజరు దగ్గర వాలాను. ఆమె గుడ్డ విప్పి శ్రుతిపెట్టె తిప్పింది. రెండూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. చిన్నమ్మ ఊపిరి వదిలింది. "నీకు బయమా పాపా? నాకూ బయమేదా," అని, నా భుజం మీద చెయ్యి వేసి వేదిక ఎక్కింది.

నేను వెనకాలే వెళ్లి నా కుర్చీలో కూర్చున్నాను. మామ అప్పటికే ఆర్గను మీద చేతులు పెట్టి ఉన్నాడు, నాలుగు కట్టై మీదే. చిన్నమ్మ నేను చెప్పిందంతా ఆయనకు చెప్పలేదు, నా పేరు కూడా ఎత్తలేదు. ఆయన చెవి దగ్గరకు వంగింది. "అన్నా, పాటను నిలిపేది నేనుదా. నేను నిల్చే తావుకు నువ్వు రా. రెండులో మొదలుపెట్టు," అంది. ఆయన చెల్లెలి ముఖం చూశాడు, తర్వాత జనాన్ని చూశాడు. ఆ చేతులు కదలలేదు. నేను రెండులో కార్డు పట్టాలా నాలుగులో పట్టాలా తెలియక తీగల మీద వేళ్లు ఆనించకుండా పట్టుకుని కూర్చున్నాను. ఇంతకంటే పెద్ద భయాలు తర్వాత చాలా పడ్డాను, ఇద్దరు పిల్లల్ని కన్నాను, వాళ్ల జ్వరాలు చూశాను, కానీ వేళ్లు అంత బిగుసుకుపోవడం మళ్లీ ఎప్పుడూ లేదు.

మామ చేతులు ఎడమకు జరిగాయి. రెండు కట్టైలో పాట మొదలైంది.

పల్లవి బాగానే వెళ్లింది, కింది స్వరాలు కాస్త నీడపట్టునే ఉన్నా మైకు ఆదుకుంది. చరణం ఎక్కేచోటికి వచ్చేసరికి ఆర్గను కూడా మెత్తబడింది. చిన్నమ్మ కళ్లు మూసుకుని ఎక్కింది. గొంతు సన్నబడింది, దారమంత అయింది, తెగలేదు. అక్కడి నుంచి దిగి నాలుగు కట్టై మీద నిలబడింది. జనానికి ఏమీ తెలియదు. చప్పట్లు కొట్టి, అప్పుడే ఇంకో పాట పేరు అరిచారు.

కచేరీ అయ్యాక అందరం ఆ ఊరి నూనె పరోటాలు తిన్నాం, పొద్దున్నుంచీ తినని నేను ఎన్ని తిన్నానో నాకే తెలియదు. చిన్నమ్మను ఆలంగుళంలో దించి తిరిగి వస్తుంటే, ముందు సీట్లో కూర్చున్న మామ వెనక్కి తిరక్కుండా, రోడ్డు మీదే చూపు పెట్టి, "ఇంకోతూరి చెప్పు పాపా, ఆ రెండు మేజరుల కత," అన్నాడు. కోవిల్‌పట్టి వచ్చేదాకా చెప్పాను. ఆ తర్వాత కొత్త పాట ఏది వచ్చినా, అది ఎక్కడ మొదలవుతుందో కాదు, ఎక్కడ నిలుస్తుందో ముందు నన్ను అడిగేవాడు.

చిన్నమ్మ ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు పాడింది. ఏటేటా గొంతు కొంచెం కొంచెం దిగుతుంటే పాటలను మేమూ కొంచెం కొంచెం దించుకుంటూ వచ్చాం, వినేవాళ్లలో ఒక్కరూ కనిపెట్టలేదు. ఒక పండుగకు తనే, ఇక చాలు పాపా, ఇంకా దించితే పాట నేలకు తగులుతుంది అని నవ్వి మానేసింది. గొంతు చీలి మానలేదు, తనంతట తాను మానింది. మామ పోయాడు, పార్టీ పోయింది, చిన్నమ్మ కూడా పోయింది. ఇప్పుడు వేదికల మీద ఆర్గనూ లేదు, తబలా లేదు, ముందే సిద్ధం చేసిన వాద్యం పెట్టెలోంచి వస్తుంటే పాడేవాళ్లు దాని వెంట నడుస్తారు. అది బాగుండదని నేననను, తప్పులు తక్కువే. అయితే ఎవరి గొంతు ఆ పూట ఎంతవరకు ఎక్కుతుందో పక్కన కూర్చుని కనిపెట్టుకునే మనిషి లేడు.

ఆ మండపంలో పాడిన అమ్మాయి ఎవరో నాకు తెలియదు. ఆమె చరణంలోకి ఎక్కుతున్నప్పుడు నా వేళ్లు చీర కుచ్చిళ్ల మీద వాటంతటవే కార్డు పట్టాయి. ఆమె అందుకుంది. హమ్మయ్య అనుకుని, చిన్నమ్మకు చెబుదామని పక్కకు తిరిగాను.